పీచ్ బుట్టల మాస్టారు



పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో చాలామంది నన్ను అడిగింది ఒకటే. మా బాబు క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదట కదా, ఏం చెయ్యాలి మేడమ్ అని. అప్పటికప్పుడు నాకు మంచి జవాబు తోచలేదు. ఇంటికెళ్లాక ఒక మాస్టారు గుర్తొచ్చారు. ఈ నెల ఆయన జీవితం గురించే రాస్తున్నాను.

జేమ్స్ నైస్మిత్ 1861లో కెనడాలో, ఒంటారియో ప్రాంతంలోని ఆల్మాంట్ ఊరి దగ్గర పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్ వల్ల అమ్మా నాన్నా ఇద్దరూ చనిపోయారు. మేనమామ పీటర్ యంగ్ పెంచారు. హైస్కూల్ చదువు మధ్యలో మానేసి, అడవిలో కలప కొట్టే పనికి వెళ్లిపోయారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ స్కూలుకే వచ్చి, తనకంటే చిన్నవాళ్లతో కలిసి చదివి పూర్తి చేశారు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరేటప్పటికి ఆయనకు దాదాపు 22 ఏళ్లు. మన పిల్లలకు డిగ్రీ పూర్తయ్యే వయసు అది.

తర్వాత మతబోధకుడు అవడానికి చదివారు. కానీ ఆటల ద్వారా కూడా పిల్లలకు మంచి నడవడిక నేర్పవచ్చని ఆయనకు గట్టి నమ్మకం. అందుకే 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి, వైఎమ్‌సీఏ ట్రైనింగ్ స్కూల్లో చేరారు. మరుసటి ఏడాది అక్కడే టీచర్ అయ్యారు.

1891 చలికాలంలో ఆయనకు ఒక క్లాసు అప్పగించారు. అందులో 18 మంది కుర్రాళ్లు. బయట మంచు, లోపల రోజూ అవే డ్రిల్లులు. వాళ్లకు విసుగు పుట్టి ఎవరి మాటా వినేవారు కాదు. అప్పటికే ఇద్దరు టీచర్లు ఆ క్లాసు మా వల్ల కాదని వదులుకున్నారు. హెడ్ లూథర్ గులిక్ నైస్మిత్‌కు రెండు వారాలు గడువిచ్చారు.

నాకు బాగా నచ్చింది ఆయన ఇక్కడ ఆలోచించిన తీరు. తప్పు కుర్రాళ్లది కాదు, వాళ్లతో చేయిస్తున్న పనిది అని ఆయన నిర్ణయానికి వచ్చారు. ముందు ఫుట్‌బాల్, సాకర్, లక్రాస్ ఆటల్ని హాల్లో ఆడేలా మార్చి చూశారు. అవి కుదరలేదు. గడువు దగ్గరపడింది.

అప్పుడు కూర్చుని ఒక్కో చిక్కూ విప్పుకుంటూ వచ్చారు. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతితో పరిగెత్తేవాణ్ణి పడగొడుతున్నారు కాబట్టి. అయితే బంతి పట్టుకుని పరిగెత్తకూడదు. గోల్‌లోకి బంతిని బలంగా విసిరితే ప్రమాదం. అయితే గోల్‌ను తలపైన పెడితే సరి, మెల్లగా పైకి వెయ్యాల్సిందే. చిన్నప్పుడు ఊళ్లో ఆడిన ఒక రాళ్లాట ఆయనకు దారి చూపింది. బండ మీద పెట్టిన రాయిని పడగొట్టడానికి, చేతిలో రాయిని గురిచూసి పైకి వంపుగా వెయ్యాలి.

హాలు చూసుకునే పనివాడు రెండు పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. వాటిని 10 అడుగుల ఎత్తున బాల్కనీకి మేకులతో బిగించారు. 13 రూల్స్ టైప్ చేయించి నోటీసు బోర్డుకు పెట్టారు. ఆ డిసెంబరులో తొమ్మిదేసి మంది రెండు జట్లుగా ఆడారు. ఎవరి మాటా వినని క్లాసు ఇక ఆట వదిలితే ఒట్టు! ఆటకు ఆయన పేరే పెడదామని ఒక కుర్రాడు అంటే, నైస్మిత్ నవ్వి కొట్టిపారేశారట. అలా బాస్కెట్‌బాల్ అయింది. వైఎమ్‌సీఏల ద్వారానే ఈ ఆట దేశదేశాలకు పాకింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ బక్ 1920లో మద్రాసులో వైఎమ్‌సీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ మొదలుపెట్టారు.

నైస్మిత్ తర్వాత డెన్వర్‌లో మెడిసిన్ చదివి డాక్టర్ అయ్యారు. 1898లో కాన్సస్ యూనివర్సిటీలో చేరి, అక్కడ మొదటి బాస్కెట్‌బాల్ కోచ్ అయ్యారు. ఆయన రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. ఆట కనిపెట్టిన మనిషే ఆ యూనివర్సిటీ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న ఒకే ఒక్కడు!

కానీ ఆయన శిష్యులను చూడండి. ఫాగ్ అలెన్ తర్వాత అదే కాన్సస్‌కు కోచ్ అయి, 1952లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించారు. జాన్ మెక్‌లెండన్ నల్లజాతి విద్యార్థి కావడంతో యూనివర్సిటీ టీమ్‌లో ఆడనివ్వలేదు. నైస్మిత్ ఆయనకు దగ్గరుండి కోచింగ్ నేర్పారు. మెక్‌లెండన్ టీమ్ 1957 నుంచి వరుసగా మూడేళ్లు ఎన్ఏఐఏ జాతీయ టైటిల్ గెలిచింది.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ చేరినప్పుడు నైస్మిత్ అక్కడే ఉన్నారు. 1939 నవంబరులో కన్నుమూశారు. ఆ ఆటతో ఆయన ఆస్తులు కూడబెట్టుకోలేదు.

ఇప్పుడు నా సంగతి. మీటింగ్‌కు ముందు రోజు ఒక బాబు డైరీలో రెస్ట్‌లెస్ అని రిమార్క్ రాయబోయాను. నైస్మిత్ గుర్తొచ్చాక ఆ మాట రాయలేదు. ఆ వారం ప్రిపొజిషన్స్ పాఠం గ్రౌండ్‌లో బంతితో చెప్పాను. ఓవర్, అండర్, త్రూ అంటూ అందరికంటే గట్టిగా అరిచింది ఆ బాబే.

ఇంట్లో కూడా, బాబు చదవడం లేదని కోప్పడే ముందు, మనం చదివిస్తున్న తీరును ఒకసారి చూద్దాం. అప్పుడు మీరు గమనించింది వచ్చే మీటింగ్‌లో నాకూ చెప్పండి.