కొండబిడ్డలకు బడి పెట్టిన పంతులుగారు



ప్రతి సంవత్సరమును మన పల్లె పాఠశాలల వార్షికోత్సవములకు మనము వెళ్లుచుందుము. ఈ యేడు ఎందరు చేరిరి, ఎందరు పరీక్షలో తేరిరి, క్రొత్త గది ఎంతవరకు లేచెను అని నివేదిక చదువుదురు. మనము చప్పట్లు కొట్టి సంతోషింతుము. అది తగినదే. అయితే బడిలో చేరి, పాఠము అర్థముగాక, నోరు విప్పక, నడుమనే మానివేసిన బిడ్డ సంగతి ఆ నివేదికలో ఉండదు. అట్టి బిడ్డలను తలంచిన ఒక ఉపాధ్యాయుని జీవితమును ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను మన జిల్లావాడు, మనము నేర్చుకొనదగినవాడు.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతమున, వంశధార తీరమందలి పర్వతాలపేటలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. చిన్నతనముననే తండ్రి మరణించెను. కష్టపడి చదివి, 1880లో 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. పిల్లలకు చరిత్ర బోధించుచు, తాను ఇంటివద్ద చదువుకొని 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేసెను. పాఠశాల పెరిగి కళాశాల ఆయెను. బడితోపాటు పంతులును పెరిగెను.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు చుట్టము కాదు. సంతాలీ, ముండారీ భాషలతో కూడిన ముండా కుటుంబములోనిది. సంతకు దిగివచ్చిన సవరల మాట వినినవారు అనేకులు. దానిని నేర్చుకొనవలెనని తలంచినవారు అరుదు. పంతులుగారు రెండు భాషలును తెలిసిన ఒక సవరను తన యింటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకొనెను. కులభేదములు గట్టిగానున్న ఆ దినములలో అది చిన్న సంగతి కాదు.

తరువాత ఆయన ఆ భాషలో పుస్తకములు వ్రాసెను. తన సొంత ధనముతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించెను. మన్యములో తిరుగుటచేత చలిజ్వరము పట్టెను. దానికి వాడిన క్వినైను వలన వినికిడి చెడెను. ఇతరుల మాట వినుటకై కొండలెక్కిన మనుష్యుడు తన చెవులనే పోగొట్టుకొనెను. అయినను పని మానలేదు. 1911లో ఉద్యోగము విరమించిన తరువాతను సాగించెను. ఆయన వ్రాసిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వమువారు అచ్చువేసిరి.

కొండలలో నేర్చిన సంగతిని ఆయన మైదానమునకును తెచ్చెను. సవర బిడ్డకు తెలుగు ఎట్లు క్రొత్తదో, తెలుగు బిడ్డకు పుస్తకములలోని ప్రాచీన భాషయు అట్లే క్రొత్తదని గ్రహించెను. జనులు మాటలాడు భాషలోనే పుస్తకములుండవలెనని గురజాడ అప్పారావుగారు మొదలగువారితో కలిసి వాదించెను. 1919లో తెలుగు అను పత్రికను స్థాపించెను. పెద్ద పండితులు ఎదిరించినను వెనుదీయలేదు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చగా, ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము వెళ్లెను. 1940 జనవరి 22న కన్నుమూసెను. నేడు ఆయన పుట్టినదినము తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది. ఇటీవలి కాలమున ప్రభుత్వమువారును కొన్ని గిరిజన పాఠశాలలలో సవరభాషతో చదువు ప్రారంభించిరి. ఆయన ఒంటరిగా వేసిన విత్తనము వృథా కాలేదు.

ఈ జీవితమును చదివినప్పుడు మేము సిగ్గుపడితిమి. ఒకసారి కొండ దిగువనున్న ఒక గూడెములో గంటసేపు ప్రసంగించితిమి. ఒక వృద్ధురాలు ఆసాంతము తల ఊపుచుండెను. ఏమి విన్నావమ్మా అని పిదప అడుగగా, బాబూ మీ గొంతు బాగున్నది అనెను. తప్పు ఆమెది కాదు, మాదే. మేము వ్రాయు ఈ భాషయు ఎందరికి అందుచున్నదో!

పెంతెకొస్తు దినమున కూడివచ్చినవారిలో ప్రతివాడును తన సొంత భాషలోనే దేవుని గొప్పకార్యములను వినెను. పరలోకపు భాష నేర్చుకొని రండని దేవుడు వారితో చెప్పలేదు. ఆయనే వారి భాషలోనికి దిగివచ్చెను. తొంబదితొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన దానిని వెదకిన కాపరి మనస్సు అట్టిదే.

కావున ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, ఈ నెల ఒక పని చేయుడి. పాఠము ముగిసిన పిమ్మట, వెనుక వరుసలో మౌనముగా కూర్చున్న బిడ్డను దగ్గరకు పిలిచి, విన్న కథను ఇంటిలో మాటలాడు మాటలలో చెప్పుమని అడుగుడి. ఆ బిడ్డ చెప్పగలిగిన యెడల మన బడి ఈ యేడు అభివృద్ధి పొందినది. చెప్పలేకపోయిన యెడల నేర్చుకొనవలసినవారము మనమే.

ప్రభువు మీ శ్రమను ఆశీర్వదించును గాక.