నాందేడ్ బిడ్డ... నిజామియా గురువు

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తెలుగువాళ్లకు హైదరాబాద్‌తో బంధం ఈనాటిది కాదు. 1956 దాకా నాందేడ్ జిల్లా కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. చదువుకైనా, కొలువుకైనా ఇక్కడి జనం ఆ బాటే పట్టేవారు. అలా వెళ్లినవారిలో ఒకాయన అక్కడ ఏకంగా ఒక విద్యాపీఠానికే పునాది వేశారు. ఆయనే మౌలానా అన్వరుల్లా ఫారూఖీ.

హిజ్రీ 1264లో, అంటే 19వ శతాబ్దం నడిమి కాలంలో, నాందేడ్ ప్రాంతంలోని ఖాజీల కుటుంబంలో పుట్టారు. తండ్రి న్యాయాధికారి. చిన్నతనంలోనే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశారు. పెద్ద పండితుల దగ్గర అరబ్బీ వ్యాకరణం, తర్కం, హదీసు, ధర్మశాస్త్రం చదువుకున్నారు.

చదువు పూర్తయ్యాక రెవెన్యూ శాఖలో ఉద్యోగం దొరికింది. ఫైళ్ల సారాంశం రాసిపెట్టడం ఆయన పని. సర్కారు కొలువంటే నెల తిరిగేసరికి జీతం, నలుగురిలో గౌరవం. అలాంటి రోజుల్లో ఓసారి వడ్డీ లావాదేవీకి సంబంధించిన ఫైలు ఆయన ముందుకు వచ్చింది. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం వడ్డీ తినడమే కాదు, ఆ లెక్క రాసిపెట్టడం కూడా తప్పే. చదివింది ఒకటి, చేసేది ఇంకొకటి కావడం ఆయనకు మింగుడుపడలేదు. ఉద్యోగం వదిలేశారు. పాఠాలు చెప్పుకుంటూ బతుకు వెళ్లదీశారు.

హిజ్రీ 1292లో, అంటే 1875-76 ప్రాంతంలో, హైదరాబాద్‌లో జామియా నిజామియాను స్థాపించారు. పేద పిల్లలకు అక్కడ చదువుతో పాటు తిండి, వసతి కూడా ఉచితమే. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు గురువయ్యారు. ఫజీలత్ జంగ్ బిరుదు, మత వ్యవహారాల మంత్రి పదవి వచ్చాయి. కొలువు కాదని బయటికొచ్చిన మనిషిని దర్బారే వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

పాత చదువు అన్నారు కదా అని కొత్తదానికి తలుపులు మూయలేదాయన. మదీనాలో ఉన్నప్పుడు అరుదైన రాతప్రతులకు నకళ్లు రాయించి తెచ్చారు. వాటిని బీరువాలో దాచుకోలేదు. 1888లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ఇమాదుల్ ముల్క్ బిల్గ్రామీలతో కలిసి దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థను నిలబెట్టారు. 16వ శతాబ్దంలో బుర్హాన్‌పూర్ పండితుడు అలీ ముత్తఖీ కూర్చిన కంజుల్ ఉమ్మాల్ అనే పెద్ద హదీసు సంకలనం ఈ సంస్థ నుంచే అచ్చయి అరబ్ దేశాలకూ చేరింది. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం వెనక కూడా ఆయన కృషి ఉంది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే.

మౌలానా 1918లో కన్నుమూశారు. నిజామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. ఆ మరుసటి ఏడాది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. కొత్త చదువులు వచ్చాక మదర్సా చదువు మూలన పడుతుందనుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ రెండూ ఒకే మనిషిలో ఇమిడిన సందర్భాలు ఉన్నాయి. నిజామియాలో చదివిన డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా ఆ తర్వాత ఉస్మానియాకు, అక్కడి నుంచి జర్మనీ, ఫ్రాన్సులకు వెళ్లి డాక్టరేట్లు సాధించారు. 1959లో ఖురాన్‌కు ఫ్రెంచి అనువాదం వెలువరించారు.

ఈ చదువు కూడు పెడుతుందా అని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. మదర్సా పిల్లలకు లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు కూడా రావాల్సిందే. అయితే ఒక ఇంటి పెద్ద చనిపోతే భార్యకెంత, కూతురికెంత అన్న చిక్కు ఇప్పటికీ వస్తూనే ఉంది. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినవారికి వరసను బట్టి వాటాలు. మూలగ్రంథం చదవగలిగినవాడు ఆ లెక్క తేల్చకపోతే ఆడపిల్ల వాటా మాటల్లోనే కరిగిపోతుంది. ఆ తెలివి ఇవ్వడం పాత చదువు పని. తెలిసినదానికి కట్టుబడి నడవడం మనిషి పని. నాందేడ్ బిడ్డ ఆ ఫైలు పక్కన పెట్టిన రోజున చేసింది అదే.