విలియం హెన్రీ పెర్కిన్

విలియం హెన్రీ పెర్కిన్ 1838 మార్చి 12వ తేదీన లండను నగరమున జన్మించెను. అతని తండ్రి గృహనిర్మాణపు పనులు చేయించువాడు. బాల్యముననే రసాయనశాస్త్రమందు మక్కువ గల పెర్కిన్ పదునైదవ యేట రాయల్ రసాయన కళాశాలలో చేరి, హాఫ్‌మన్ అను జర్మను ఆచార్యునకు శిష్యుడయ్యెను. కళాశాలలోని పనితో తృప్తిచెందక ఇంటిలోను ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొనెను.

బొగ్గునుండి దీపవాయువును తీయగా మిగిలెడి తారునుండి నూతన పదార్థములను రాబట్టుటకు ఆనాటి శాస్త్రజ్ఞులు యత్నించుచుండిరి. వానిలో బెంజీను ముఖ్యమైనది. దానిని శుద్ధముగా వేరుచేయు మార్గమును హాఫ్‌మన్ శిష్యుడే యగు చార్లెస్ మాన్స్‌ఫీల్డు కనుగొనెను. 1855 ఫిబ్రవరి 17న అతడు తారునూనెయగు నాఫ్తాను బట్టిపట్టుచుండగా ద్రవము పొంగి అంటుకొనెను. మండుచున్న పాత్రను వీధిలోనికి కొనిపోవ యత్నించి, ఒడలు కాలి, తొమ్మిది దినములకు అతడు మరణించెను. అప్పటికి పెర్కిన్ ఆ కళాశాలలోనే యుండెను.

బెంజీను, నాఫ్తా, స్పిరిటు మొదలైనవి వేడిచేయకున్నను ఆవిరియగుచుండును. బెంజీను ఆవిరి గాలికంటె సుమారు 2.7 రెట్లు బరువైనది. అది కంటికి కనబడక నేలవెంట ప్రాకి, దూరముననున్న దీపమును తాకి, మంటను పాత్రకడకు కొనివచ్చును.

ఇట్టి ద్రవములతోనే పెర్కిన్‌నకు పనిపడెను. 1856లో ఈస్టరు సెలవులయందు అతడు ఇంటి ప్రయోగశాలలో మలేరియా మందగు క్వినైనును తయారుచేయబూనెను. క్వినైను రాలేదు. బెంజీను నుండి పుట్టిన అనిలినుతో మరల ప్రయోగము చేయగా నల్లని మడ్డి మిగిలెను. దానిని పారవేయక స్పిరిటులో కరగించి చూడగా మనోహరమైన ఊదారంగు వెలువడెను. అదియే మావ్ అని ప్రసిద్ధికెక్కిన రంగు. మడ్డిలోని జిగటను నాఫ్తాతో కడిగివేయుటయు అతని పద్ధతిలోని భాగమే.

1857లో తండ్రి ధనసహాయముతోను, సోదరుడు థామస్ తోడ్పాటుతోను గ్రీన్‌ఫర్డులో కర్మాగారమును స్థాపించెను. బెంజీనును నత్రికామ్లముతో కలుపు పని పెద్దయెత్తున జరుపవలసివచ్చెను. పగిలిపోవు గాజుపాత్రలు పనికిరావని పోత ఇనుప పాత్రలను వాడెను.

పెర్కిన్ 1874లో వ్యాపారమును విడిచి పరిశోధనలో నిమగ్నుడయ్యెను. 1906లో సర్ బిరుదమును పొంది, 1907 జులై 14న కన్నుమూసెను. బెంజీను ఆవిరిని దీర్ఘకాలము పీల్చినచో రక్తమునకు కీడు, క్యాన్సరు కూడ కలుగునని తరువాతి శాస్త్రము తేల్చెను. ఒకే గురువు శిష్యులలో ఒకనికి కీర్తి, ఒకనికి మృత్యువు లభించెను. ఇరువురిలోను ఉత్సాహము కొరవడలేదు. ఉత్సాహవంతులగు బాలురు, బాలికలు నిప్పున్న చోట ఇట్టి ద్రవముల మూతను తీయరాదు. గురువు చెంతలేనిదే వానితో ప్రయోగము చేయరాదు.