సోదరి నివేదిత

ఐర్లండు దేశమున టైరోను మండలమందు డంగానను అను చిన్న పట్టణము కలదు. 1867వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన అచ్చట నోబిలు దంపతులకు ఒక ఆడుశిశువు జనించెను. ఆ శిశువునకు మార్గరెట్ ఎలిజబెత్ అని పేరిడిరి. తండ్రి సామ్యూలు నోబిలు క్రైస్తవ మతబోధకుడు. బీదల యిండ్లకు పోయి వారి కష్టసుఖములు విచారించుట ఆయనకు పరిపాటి. ఒక్కొక్కప్పుడు కుమార్తెను గూడ వెంటగొని పోవుచుండెను. తల్లి తండ్రియగు హామిల్టను ఐర్లండు స్వాతంత్ర్యమునకై పాటుపడినవారిలో ఒకడు. ఒకవైపు దైవభక్తి, మఱియొకవైపు దేశభక్తి, ఈ రెండును ఆ బాలికకు ఉగ్గుపాలతోనే అబ్బినవి. ఆమెకు పదియేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదినాలుగు సంవత్సరములు మాత్రమే.

తండ్రిలేని సంసారము. చదువు ముగియుటతోడనే, పదునేడేండ్లకే, మార్గరెట్టు ఉపాధ్యాయినిగా కుదురుకొనవలసి వచ్చెను. పెస్తలోజీ, ఫ్రోబెలు అను విద్యావేత్తల పద్ధతులను అభ్యసించి, ఆటపాటలతో పసిపిల్లలకు చదువు చెప్పుటలో ఆమె మంచి పేరు గడించెను. 1892లో లండను సమీపమందలి వింబుల్డనులో తానే ఒక పాఠశాలను స్థాపించెను. కాని ఆమె మనస్సున శాంతి లేదు. వివాహమాడదలచిన యువకుడు రోగగ్రస్తుడై మరణించెను. బాల్యమున నేర్చిన మతసిద్ధాంతములు ఆమె బుద్ధికి నిలువలేదు. అట్లని దేవుని విడువను మనసొప్పలేదు. గ్రంథములు చదివెను, పండితులను ప్రశ్నించెను. సంశయములు మాత్రము తీరలేదు.

1895వ సంవత్సరము నవంబరు మాసమున లండనులో ఒక యింట భారతదేశపు సన్యాసి యొకడు మాటలాడుచున్నాడని విని ఆమె పోయెను. ఆయనయే స్వామి వివేకానందుడు. మొదట ఆయన మాటలలో క్రొత్తదనమేమియు కనబడలేదని ఆమె తలంచెను. ఇంటికి వచ్చిన పిదప ఆ మాటలే మఱల మఱల జ్ఞప్తికి రాసాగినవి. ఆమె ప్రతి ఉపన్యాసమునకును పోయి, ప్రతిదానికిని ఎదురు ప్రశ్న వేయుచుండెను. ఇట్లు వాదించిన పిమ్మటనే ఆమె ఆయనను గురువుగా స్వీకరించినది. భారతస్త్రీల విద్యకై తాను వచ్చెదనని చెప్పగా, స్వామి ఆమెను తొందరపెట్టలేదు. ఇచ్చటి ఎండలు, దారిద్ర్యము, కులాచారములు ఎట్టివో, తెల్లవారు ఆమెను వెఱ్ఱిదానినిగా చూతురనియు, నల్లవారు అంటరానిదానినిగా దూరముంచుదురనియు లేఖలో విప్పి వ్రాసెను. అంతయు తెలిసియే ఆమె ఓడయెక్కెను.

1898 జనవరి 28వ తేదీన మార్గరెట్టు కలకత్తా రేవున దిగెను. మార్చి 17వ తేదీన శ్రీ శారదాదేవిని దర్శించెను. ఆ తల్లి ఆచారపరురాలైన బ్రాహ్మణ వితంతువు. అయినను ఈ పరదేశస్త్రీలను బిడ్డలవలె ఆదరించి వారితో కలిసి ఫలహారము చేసెను. నాటి సంఘములో ఇది సామాన్యవిషయము కాదు. మార్చి 25వ తేదీన స్వామి ఆమెకు బ్రహ్మచర్యదీక్ష యొసగి, నివేదిత అని నామకరణము చేసెను. భగవంతునకు అర్పింపబడినది అని ఆ పేరునకు అర్థము.

ఆ రోజులలో భారతదేశమును ప్లేగు మహమ్మారి పీడించుచుండెను. 1896లో బొంబాయిలో పొడచూపిన ఆ వ్యాధి పూనా మున్నగు నగరములకు వ్యాపించెను. తీవ్రమైన జ్వరము, చంకలలోను గజ్జలలోను గడ్డలు, కొలది దినములలో మరణము. నేటివలె దానిని కుదుర్చు ఔషధములు అప్పుడు లేవు. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు 1894లోనే హాంకాంగులో కనుగొనెను. ఎలుకల మీది గోమారుల వలన అది మనుష్యులకు సోకునని 1898లో సైమాండ్ అను వైద్యుడు కరాచీలో తెలిసికొనెను గాని, ఆ మాటను పెక్కుమంది వైద్యులే చాలకాలము నమ్మలేదు.

వ్యాధి యొక కష్టము కాగా, వ్యాధి నివారణ యింకొక కష్టమయ్యెను. 1897లో ప్రభుత్వము ప్రత్యేకశాసనము చేసి అధికారులకు విశేషాధికారము లిచ్చెను. పూనాలో సిపాయిలు ఇండ్లలో జొరబడి, రోగులను వెదకి పట్టి, సామానులను వీధులలో వేసి తగులబెట్టిరి. పూజామందిరములు, అంతఃపురములు అను విచక్షణ లేకపోయెను. జనులు క్రుద్ధులైరి. ఆ సంవత్సరము జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారియగు ర్యాండును చాపేకరు సోదరులు కాల్చిరి. కొన్ని దినములకు అతడు మరణించెను. మేలు చేయవచ్చినవానికి మేలు పొందవలసినవానియెడల గౌరవము లేనిచో ఫలితము ఎట్లుండునో పూనా నగరము చూచినది.

1898 వేసవిలో కలకత్తాకు ప్లేగు వచ్చినదను వార్త పొక్కెను. బలవంతముగా సూదిమందు వేయుదురనియు, రోగులను పట్టుకొనిపోయి మఱల పంపరనియు వదంతులు పుట్టెను. జనులు రైళ్లమీదను, పడవలమీదను, కాలినడకను నగరము విడిచి పారిపోవజొచ్చిరి. కొన్నిచోట్ల అల్లరులు చెలరేగెను. డార్జిలింగులో విశ్రాంతి తీసికొనుచున్న వివేకానందుడు మే 3వ తేదీన కలకత్తాకు తిరిగివచ్చి, బెంగాలీ, హిందీ భాషలలో ఒక ప్రకటన వ్రాయించెను. భయము విడువుడనియు, ఇండ్లను శుభ్రముగా నుంచుకొనుడనియు, వదంతులను నమ్మవలదనియు, దిక్కులేనివారికి తాము సేవ చేయుదుమనియు దాని సారాంశము. ధనమెట్లు వచ్చునని ఒక శిష్యుడు సంశయింపగా, అవసరమైనచో మఠముకొఱకు కొన్న భూమినే అమ్మివేయుదమని స్వామి చెప్పెను. ఎన్నియో యేండ్ల కష్టముతో సంపాదించిన స్థలమది. ఆ మాట విన్నవారిలో నివేదిత యొకతె. ఆ యేడు వ్యాధి విజృంభింపలేదు; భూమి అమ్మవలసిన అవసరమును కలుగలేదు.

నవంబరు 13వ తేదీన, కాళీపూజనాడు, బాగ్‌బజారులోని బోసుపాడా సందులో నివేదిత బాలికల పాఠశాలను ప్రారంభించెను. శారదాదేవి స్వయముగా వచ్చి పూజచేసి ఆశీర్వదించెను. అది పూర్వాచారపరాయణుల పేట. ఆడుపిల్లలను బడికి పంపుడని ఇంటింటికి తిరిగి నివేదిత యాచింపవలసి వచ్చెను. ఆమె తాకిన నీరు త్రాగనివారును ఆ వీధిలో నుండిరి. ఆమె దానికి కినియలేదు.

1899 ఫిబ్రవరి 13వ తేదీన ఆమె ఆల్బర్టు హాలులో కాళికాదేవిని గూర్చి ఉపన్యసించెను. సభలో డాక్టరు మహేంద్రలాల్ సర్కారు ఉండెను. ఆయన శ్రీరామకృష్ణులకు చికిత్స చేసిన వైద్యుడు. 1876లో కలకత్తాలో విజ్ఞానశాస్త్ర పరిషత్తును నెలకొల్పిన మహాశయుడు. తాము మూఢవిశ్వాసములను తొలగింప ప్రయాసపడుచుండగా పరదేశీయులు వచ్చి మఱల వానిని పోషించుట తగదని ఆయన తీవ్రముగా ఆక్షేపించెను. ఆ యాక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. వ్యాధి దేవతాగ్రహమని తలచి చేతులు ముడుచుకొని కూర్చుండు జనమునకు కాళిని గూర్చిన ఉపన్యాసము మందగునా? నివేదిత చెప్పినది వేఱు. జన్మలో నున్న తల్లియే మృత్యువులోను ఉన్నదనియు, భయంకరమైనదానినుండి పారిపోవుట ఆమెనుండి పారిపోవుటయే యనియు ఆమె భావము. మాటలలో నిది చెప్పుట సులభము. నెలన్నర గడువకమునుపే ఆ మాటలకు పరీక్ష వచ్చెను.

మార్చి మాసమున ప్లేగు మఱల కలకత్తాలో ప్రవేశించెను. ఈసారి మరణములు అధికమయ్యెను. మార్చి 31వ తేదీన రామకృష్ణ మిషను సేవాకార్యమును ఆరంభించి, నివేదితను కార్యదర్శినిగాను, సదానందస్వామిని పని నడపువానిగాను నియమించెను. సదానందుడు పూర్వాశ్రమమున హాథ్రస్ రైల్వేస్టేషనులో ఉద్యోగి. వివేకానందుని మొదటి శిష్యులలో నొకడు. ఆయన పాకీవారిని కూర్చుకొని బాగ్‌బజారు, శ్యాంబజారు ప్రాంతములలోని మురికివాడలలో ప్రవేశించెను. ఏండ్ల తరబడి పేరుకొనిన చెత్తను బండ్లకెత్తి తొలగించి, మందునీళ్లు చల్లి, గుడిసెలను శుభ్రపఱచిరి. గోమారుల సంగతి వారెరుగరు. కాని చెత్తయున్నచోట ఎలుక యుండును, ఎలుకయున్నచోట ప్లేగుండును. కావున తెలియకయే వారు వ్యాధి మూలముమీదనే చేయిచేసికొన్నారనవచ్చును.

నివేదిత పత్రికలకు లేఖలు వ్రాసి విరాళములు కోరెను. కరపత్రములు అచ్చువేయించి పంచెను. ప్రతిదినము సందులలో తిరిగి పని పరీక్షించెను. ఒకనాడు తన వీధి ఊడ్చుటకు మనుష్యులు దొరకకపోగా ఆమెయే చీపురు చేతబట్టి ఊడ్చుట మొదలుపెట్టెను. అరుగులమీద కూర్చుండి చూచుచున్న యువకులు మొదట తెల్లబోయిరి. పిదప సిగ్గుపడి దిగివచ్చి ఆమె చేతిలోని చీపురు తీసికొనిరి. ఊడ్చుట హీనకులముల పని యని నమ్మిన వీధి అది. రాజ్యమేలు జాతికి చెందిన స్త్రీ ఆ పని చేయుచుండగా తాము కూర్చుండి చూడలేకపోయిరి. ఏప్రిల్ 22వ తేదీన క్లాసిక్ థియేటరులో వివేకానందుని సమక్షమున నివేదిత విద్యార్థులతో మాటలాడెను. దేశము దేశమని పలుకుట చాలదనియు, దేశమనగా ఆ గుడిసెలలో చచ్చుచున్న వారేయనియు ఆమె వారికి బోధించెను. సభానంతరము పదునైదుగురు యువకులు సేవకు పేర్లిచ్చిరి. అంత పెద్ద నగరములో పదునైదుగురే! అయినను ఆ పదునైదుగురు వారము వారము కూడి వాడలకు పోయి ఇంటింట ఆరోగ్యసూత్రములు తెలిపిరి.

ఆ కాలమున డాక్టరు రాధాగోవింద కరు అను ప్రసిద్ధ వైద్యుడు ప్లేగు రోగులను చూచుచుండెను. ఆయన స్థాపించిన వైద్యవిద్యాలయమే నేడు ఆయన పేర కలకత్తాలో నున్నది. చైత్రమాసమున ఒకనాటి మధ్యాహ్నము ఆయన రోగులను చూచి యింటికి రాగా, గుమ్మము కడ దుమ్ముపట్టిన కుర్చీలో ఒక తెల్లదొరసాని కూర్చుండియుండెను. ఆ ఉదయమున ఆయన బాగ్‌బజారు మురికివాడలో చూచిన పసిబిడ్డ స్థితి యెట్లున్నదో కనుగొన ఆమె వచ్చినది. బ్రదుకుట కష్టమని వైద్యుడు చెప్పి, ఆ యింటికి పోవువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెనని హెచ్చరించెను. సాయంకాలము ఆయన మఱల పోయి చూడగా, చెమ్మగిల్లిన ఆ శిథిలకుటీరములో నివేదిత ఆ బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. ఆ బిడ్డకు తల్లి లేదు. తన యిల్లు విడిచి, రేయింబవళ్లు ఆమె అక్కడనే యుండెను. గుడిసె గోడలను శుద్ధిచేయవలెనని చెప్పగా, చిన్న నిచ్చెన తెచ్చి, తానే యెక్కి సున్నము వేసెను. మరణము తప్పదని తెలిసియు ఆమె శుశ్రూష సడలలేదు. ఆ బిడ్డ జ్వరతీవ్రతలో ఆమెనే తల్లి యనుకొని అమ్మా యని పిలిచెను. రెండు దినముల పిమ్మట ఆ యొడిలోనే కన్ను మూసెను.

మఱియొక సంగతి గూడ ఆ వైద్యుడు చెప్పెను. అప్పటి నివేదిత ఆహారము పాలు, పండ్లు మాత్రమే. ఒక రోగి మందుల ఖర్చునకు డబ్బు చాలక, ఆమె తాను త్రాగు పాలు మానివేసినది. ఆనాడు ఆమె కులమేమి, మతమేమి యని ఆ వాడలో అడిగినవారు లేరు.

వ్యాధి తగ్గిన పిదప, 1899 జూన్‌లో, పాఠశాలకు ధనము కూర్చుటకై ఆమె గురువుతోగూడ పశ్చిమదేశములకు బయలుదేరెను. 1902 ఆరంభమున తిరిగి వచ్చెను. ఆ సంవత్సరము జూలై 4వ తేదీన వివేకానందుడు పరమపదించెను. దేశస్వాతంత్ర్యమును గూర్చి బహిరంగముగా పాటుపడ నిశ్చయించుకొనుటచే, తనవలన మఠమునకు చిక్కు రాకుండ ఆమె దానితోడి సంబంధమును వదలుకొనెను. ఇది ఆమెకు ఎంత బాధాకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. భారతీయుల జీవనమును గూర్చియు, గురుదేవుని గూర్చియు గ్రంథములు వ్రాసెను. జగదీశచంద్రబోసు శాస్త్రపరిశోధనలకు చేదోడయ్యెను. 1905లో బంగాళ విభజన జరుగగా స్వదేశీ ఉద్యమమున నిలిచెను. 1906లో తూర్పు బంగాళమున వరదలు, క్షామము సంభవింపగా, నీట మునిగిన పల్లెలకు పోయి సేవచేసెను. అచ్చటినుండి తెచ్చుకొన్న మలేరియా జ్వరము ఆమె దేహమును క్రుంగదీసెను.

1911 శరత్కాలమున బోసు దంపతులతో డార్జిలింగునకు పోగా అక్కడ రక్తగ్రహణి సోకెను. అంత్యకాలము సమీపించినదని గ్రహించి, అక్టోబరు 7వ తేదీన వీలునామా వ్రాయించి, తనకున్నదంతయు, తన గ్రంథములపై వచ్చు ఆదాయముతో సహా, భారతస్త్రీల విద్యకు వినియోగింపవలెనని బేలూరు మఠ ధర్మకర్తలకు అప్పగించెను. 13వ తేదీ ఉదయమున ప్రాణము విడిచెను. అప్పటికి ఆమెకు నలువదినాలుగేండ్లు నిండలేదు. హిందూ సంప్రదాయానుసారము డార్జిలింగులోనే ఆమెకు దహనసంస్కారము జరిగినది. బాగ్‌బజారులో ఆమె ఇంటింట యాచించి కూర్చిన బడి, నివేదిత పేరుతోనే, నేటికిని బాలికలకు చదువు చెప్పుచున్నది.