రాజుగారి విల్లు

రంగత్‌లో మా క్వార్టర్ గోడకు అల్లూరి సీతారామరాజుగారి క్యాలెండర్ పటం ఉండేది. చేత విల్లు, వీపున అమ్ములపొది. ఓ సాయంత్రం టీకి వచ్చిన తోటి జవాను ఒకడు, మన్యం కుర్రాడే, అది చూసి నవ్వాడు. రాజుగారు పోరాడింది పోలీసుల తుపాకులతో కదా సార్, మరి ఈ విల్లెందుకని వాడి అనుమానం. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగ్గానే అదే గుర్తొచ్చింది.

రాజుగారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు సరిగ్గా సాగలేదు. మన్యం చేరి సన్యాసిలా బతుకుతూ గిరిజనుల కష్టాలు కళ్లారా చూశారు. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డొచ్చింది. దానికి తోడు గూడెం ప్రాంతంలో రోడ్డు పనుల వెట్టిచాకిరీ.

అక్కడివారి చేతిలో ఉన్న ఆయుధం విల్లే. వెదురు బద్ద విల్లు, చాలాచోట్ల వెదురు చీలికే నారి. పెద్ద విల్లు మంచి విల్లనుకోవడం మనబోటి వాళ్ల భ్రమట. పూర్తిగా లాగి, జంతువు పక్కకు తిరిగేదాకా చెయ్యి వణక్కుండా నిలపగలిగినదే తన విల్లని ఆ కుర్రాడే చెప్పాడు. వేటంటే ఎక్కువసేపు కాచుకోవడమే. రంగత్ దరి అడవుల్లో జారవాలు నేటికీ విల్లుతోనే అడవిపందిని కొడతారు. (వాళ్లను చూడ్డానికని బండ్లు కట్టుకుని పోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.)

అయితే విల్లుతో సర్కారును ఎదిరించలేమని రాజుగారికి తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల నుంచి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు పట్టుకుపోయారు. పట్టుకుపోయినవాటికి రికార్డులో సంతకం కూడా పెట్టారు! అక్టోబరు 15న అడ్డతీగల ఠాణాకు వెళితే పోలీసులు ఆయుధాలు ముందే దాచేశారు. తూటాలు అయిపోతే తుపాకీ ఉత్త కర్రే. బాణం మాత్రం అడవిలో మళ్లీ దొరుకుతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది సెప్టెంబరు 24 నాటి దామనపల్లి సంగతి. కనుమ దారిలో రాజుగారి దళం మాటు వేసింది. ముందు భారతీయ సిపాయిల వరుస వచ్చింది. దగ్గరగా, తేలిగ్గా కొట్టేటంత దూరంలో. వాళ్లను పోనిచ్చారు. ఒక్క తూటా పేలలేదు. వెనకాల తెల్లదొరలు వచ్చాకే కాల్పులు మొదలయ్యాయి. స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులిద్దరూ అక్కడే పడిపోయారు.

ఆంబుష్ డ్రిల్ చేసిన మనవాళ్లకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ట్రెయినింగులో ఖాళీ తూటాలతోనే నేను తొందరపడి ముందొచ్చినవాణ్ని కొట్టి ఉస్తాద్ చేత తిట్లు తిన్నాను. వాళ్ల చేతిలో ఉన్నది తుపాకీయే, ఆ ఓర్పు మాత్రం విల్లు పట్టినవాడిది. ఎందరు పడ్డారని లెక్కేస్తే ఇద్దరే. నేను ప్రాణాలతో పోనిచ్చిన వాళ్లను కూడా లెక్కలో వేస్తాను. ఆ ముందు వరుసలో నడిచింది మనబోటి జీతగాళ్లే మరి.

ఆ తర్వాత కాలం కలిసిరాలేదు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర దళం దెబ్బతింది. మలబారు పోలీసులు, ఆపైన అస్సాం రైఫిల్స్ దిగారు. ఊళ్లను బాధించారు. 1924లో మంప దగ్గర దొరికిన రాజుగారిని మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆయన అనుచరుడు గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవ ద్వీపాంతరంగా మారింది. అలా ఈ అండమాన్‌కే తెచ్చారు. 1937లో విడుదలై, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలుకు వెళ్లిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తారు.

కుర్రాడి ప్రశ్నకు నా జవాబు ఇంతే. వాడు పటాన్ని మరోసారి చూసి, చిత్రకారుడు నారి మరీ వదులుగా గీశాడు సార్, దీంతో పిట్టను కూడా కొట్టలేం అన్నాడు.