డౌన్ అనేది ఒక ఇంటిపేరు

ఢిల్లీలో గానీ, దాని పొరుగున ఉన్న నోయిడా, గురుగ్రామ్, గాజియాబాద్‌లలో గానీ, పుట్టిన బిడ్డకు రక్తపరీక్ష చేయించి, తరువాత చేతికందిన నివేదికలో డౌన్ సిండ్రోమ్ అన్న మాట చూసిన తల్లిదండ్రులు ముందుగా ఆ మాటకు అర్థం వెతుక్కుంటారు. డౌన్ అంటే కింద అని అందరికీ తెలిసినదే. తమ బిడ్డ అందరికంటె తక్కువ అని కాగితం మీద రాసి ఇచ్చారేమోనన్న అనుమానం కలగడం సహజం. నిజానికి ఆ మాటలో తక్కువతనమేదీ లేదు. అది 19వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ ఇంటిపేరు. ఆయన ఈ పిల్లల గురించి చెప్పిన ఒక సిద్ధాంతం పూర్తిగా తప్పయింది. ఆయన వారిని పెంచిన పద్ధతి మాత్రం నేటికీ చెల్లుతుంది.

డౌన్ 1828 నవంబరు 18న ఇంగ్లాండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని టోర్‌పాయింట్‌లో జన్మించాడు. తండ్రి మందుల దుకాణం నడిపేవాడు. పద్నాలుగేళ్ల వయసుకే చదువు మాన్పించి జానును ఆ దుకాణంలో కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఒకనాడు కుటుంబంతో బయటకు వెళ్లినప్పుడు పెద్ద వాన పట్టుకోగా, వారంతా దగ్గరలోని ఒక ఇంట తల దాచుకున్నారు. అక్కడ బుద్ధి వికసించని ఒక బాలిక వారికి ఉపచారాలు చేసింది. ఆమె కోసం ఏమీ చేయలేమా అన్న ప్రశ్న నాడే తన మనసులో నాటుకున్నదని ఆయన పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. ఇటువంటి కథలు జీవితచరిత్రలలో తరచుగా కనిపిస్తాయి గనుక కొంత సందేహించవచ్చు. కానీ ఆ తరువాతి ఆయన నడవడి ఈ కథను నమ్మేటట్లే చేస్తుంది.

1853లో తండ్రి మరణించాక డౌన్ లండన్ హాస్పిటల్‌లో వైద్యవిద్యార్థిగా చేరాడు. చదువులో అగ్రశ్రేణిలో నిలిచాడు. అంతటి విద్యార్థి లండన్‌లోనే పేరున్న వైద్యుడు కాగలడని అందరూ ఎదురుచూస్తుండగా, 1858లో సర్రే ప్రాంతంలోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమానికి వైద్యాధికారిగా వెళ్లాడు. బుద్ధిమాంద్యం గలవారిని ఉంచే ఆ చోటికి వెళ్లడమంటే తోటి వైద్యుల దృష్టిలో భవిష్యత్తును వదులుకోవడమే.

అక్కడ ఆయన చేపట్టిన మార్పులు చెప్పడానికి చిన్నవి. దండించడం మాన్పించాడు. పరిశుభ్రత నేర్పించాడు. బల్ల ముందు కూర్చుని మర్యాదగా భోజనం చేయడం, తోటపని, వడ్రంగం, చేతిపనులు దినచర్యలో భాగమయ్యాయి. 1860లో ఆయనను వివాహమాడిన మేరీ క్రెలిన్ వేతనం లేకుండానే ఆ పనిలో సగభాగం మోసింది. ఆశ్రమవాసులను డౌన్ స్వయంగా ఫోటోలు తీశాడు. అటువంటివి రెండు వందలకు పైగా మిగిలాయి. ఇంటికి అతిథులు వస్తే ఇటువంటి పిల్లలను వెనుక గదిలో ఉంచి తలుపు వేసే కాలమది. ఆ అలవాటు మన ఇళ్లలోనూ పూర్తిగా పోలేదు.

1866లో లండన్ హాస్పిటల్ నివేదికలలో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన పేరు నిలిచినదీ, ఆయనకు మచ్చ తెచ్చినదీ ఆ వ్యాసమే. బుద్ధిమాంద్యం గలవారిని ముఖకవళికలను బట్టి జాతులవారీగా విభజించడానికి పూనుకుని, వారిలో ఒక వర్గాన్ని మంగోలు జాతివారితో పోల్చాడు. తల్లిదండ్రుల క్షయవ్యాధి ఇందుకు కారణమని కూడా భావించాడు. ఈ రెండూ తప్పే. అయితే ఆ వ్యాసంలోనే గమనించదగిన మాటలు మరికొన్ని ఉన్నాయి. ఈ స్థితి పుట్టుకతోనే వస్తుందనీ, తరువాతి ప్రమాదాల వలన కాదనీ, ఈ పిల్లలలో హాస్యప్రియత్వం, అనుకరణశక్తి మెండనీ, శిక్షణతో వీరి మాట, చేతిపని మెరుగుపడతాయనీ రాశాడు. ఒక జాతి తల్లిదండ్రులకు మరో జాతి పోలికలు గల బిడ్డ పుట్టగలిగితే మానవజాతి అంతా ఒక్కటేనని తేలుతుందన్నది ఆయన తర్కం. జాతులు వేరువేరు సృష్టులని వాదించి బానిసత్వాన్ని సమర్థించుకునేవారున్న రోజులలో అది ఉదారమైన ముగింపే. కానీ లోకం ఆ ముగింపును మరచి మంగోలిజం అన్న పేరును పట్టుకున్నది. దాదాపు వందేళ్లు ఆ మాట ఈ పిల్లల నుదుట అంటుకుని ఉన్నది.

1868లో నిర్వాహక మండలితో విభేదించి డౌన్ ఎర్ల్స్‌వుడ్ విడిచాడు. అదే సంవత్సరం మేరీతో కలిసి లండన్ సమీపంలోని టెడింగ్టన్ వద్ద సొంతంగా నార్మన్స్‌ఫీల్డ్ అనే గృహాన్ని స్థాపించాడు. కొద్దిమందితో మొదలైన ఆ గృహం ఆయన జీవితకాలంలోనే వంద మందిని మించింది. 1879లో అక్కడ చక్కని నాటకశాల నిర్మించారు. బుద్ధిమాంద్యం గల పిల్లలకు రంగస్థలం ఎందుకని అడిగినవారు ఉండే ఉంటారు. సంగీతం, నాటకం, ఆట వారి చదువులో భాగమని డౌన్ దంపతుల నమ్మకం. ఒక్క సంగతి మాత్రం దాచకూడదు. నార్మన్స్‌ఫీల్డ్ రుసుము చెల్లించగల కుటుంబాల కోసం వెలసినది.

డౌన్ 1896 అక్టోబరు 7న మరణించాడు. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ వైద్యులై ఆ గృహాన్ని నడిపారు. 1905లో రెజినాల్డ్‌కు పుట్టిన కొడుకుకు తాతగారి పేరే జాన్ అని పెట్టారు. ఆ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నది. తాత పరిశీలించి రాసిన లక్షణాలను తండ్రి తన బిడ్డ ముఖంలో చూడవలసి వచ్చింది.

అసలు కారణం తెలియడానికి 1959 వరకు పట్టింది. ఆ సంవత్సరం ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమోం తుర్పాం ఈ పిల్లల కణాలలో 46కు బదులు 47 క్రోమోజోములున్నాయని ప్రకటించారు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడమే ఈ స్థితికి మూలం. మార్చి 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా ఎంచుకున్నది అందుకే. 1961లో కొందరు జన్యుశాస్త్రజ్ఞులు పాత పేరు మార్చాలని లాన్సెట్ పత్రికకు లేఖ రాశారు. 1965లో మంగోలియా అభ్యర్థన మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరును విడిచిపెట్టింది.

ఢిల్లీలో నివేదిక పట్టుకుని కూర్చున్న తల్లికి ఈ చరిత్రలో అన్నిటికంటె అవసరమైనది కారణానికి సంబంధించిన భాగం. గ్రహణం చూసినందుకో, ఏదో తిన్నందుకో, పూర్వజన్మ పాపానికో బిడ్డ ఇలా పుట్టిందని చుట్టాలు అంటారు. డౌన్ అంతటివాడే క్షయను నిందించి పొరబడ్డాడు. అదనపు క్రోమోజోము చాలావరకు అండం ఏర్పడే దశలో యాదృచ్ఛికంగా చేరుతుంది. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుంది; అయినా చిన్న వయసు తల్లులకే ఎక్కువమంది శిశువులు పుడతారు గనుక ఈ పిల్లలలో అనేకుల తల్లులు ఆ వయసులోపు వారే. నూటికి మూడు నాలుగు సందర్భాలలో మాత్రం 21వ క్రోమోజోము ముక్క మరొక దానికి అతుక్కుని ఉంటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండవచ్చు. మరో బిడ్డను కోరుకునేవారు క్రోమోజోము పరీక్ష ఫలితాన్ని జన్యువైద్యులకు చూపించుకోవలసినది ఇందుకే. ఎయిమ్స్ పిల్లల విభాగంలో ఇందుకు ప్రత్యేక శాఖ ఉన్నది.

పెంపకం విషయానికి వస్తే, ఈ పిల్లలలో దాదాపు సగం మందికి గుండెలో పుట్టు లోపాలుంటాయి. కాబట్టి ఎకో పరీక్షను వాయిదా వేయరాదు. థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు ఒకసారితో ముగియవు, ఏటేటా చూపించుకోవాలి. చెవి సరిగా వినిపించని బిడ్డకు మాట రాకపోతే దానిని బుద్ధిలోపంగా పొరబడే ప్రమాదం ఉన్నది. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం ఆలస్యమైనా దాదాపు అందరికీ వస్తాయి. వ్యాయామ చికిత్స, మాట శిక్షణ మొదటి నెలలలోనే మొదలుపెడితే మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించవలసిన స్థితులలో డౌన్ సిండ్రోమ్ ఒకటి. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. బడిలో చేర్చుకోమని చెప్పిన యాజమాన్యాన్ని ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగవచ్చు.

నార్మన్స్‌ఫీల్డ్ ఆసుపత్రి 1997లో మూతపడింది. నాటకశాల నిలిచే ఉన్నది. ఆ ఆవరణలోనే నేడు బ్రిటన్ డౌన్ సిండ్రోమ్ సంఘం కార్యాలయం నడుస్తున్నది. బిడ్డ పుట్టిన కబురు విని ఏమి చేయాలో తోచని తల్లిదండ్రులు ఫోను చేసేది అక్కడికే.