సూది పట్టిన విమాన నిర్మాత – విల్బర్ రైట్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు విల్బర్ రైట్. విమానం కనిపెట్టిన రైట్ సోదరులలో ఆయన పెద్దవారు. వారు ఎగిరిన కథ మన మనుమలకు కూడా తెలుసు. కాని ఆ విమానం రెక్కలకు గుడ్డ కుట్టినది ఎవరో చాలామందికి తెలియదు. రైలు పెట్టెల సీట్లకు గుడ్డ బిగించే విభాగంలో ఉద్యోగం చేసి విరమించిన నాకు ఆ సంగతి మీదే ఆసక్తి ఎక్కువ.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యులు. తల్లి సుసాన్ పనిముట్లు పట్టడంలో నేర్పరి. పిల్లల ఆటవస్తువులు తానే చేసి ఇచ్చేవారు. యౌవనంలో హాకీ ఆటలో ముఖానికి గట్టి దెబ్బ తగలడంతో విల్బర్ పై చదువుల ఆలోచన మానుకున్నారు. క్షయతో మంచం పట్టిన తల్లికి 1889లో ఆమె కన్నుమూసే వరకు దగ్గరుండి సేవ చేశారు. తర్వాత తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్ పట్టణంలో అచ్చాఫీసు, ఆపైన సైకిళ్ళ దుకాణం నడిపారు. విమాన ప్రయోగాలకు ఖర్చంతా ఆ దుకాణం ఆదాయమే. ప్రభుత్వ సహాయం లేదు.

1900లో ఇంజను లేని గ్లైడర్‌ను ఎగురవేయడానికి విల్బర్ ముందుగా కిట్టీహాక్ అనే సముద్రతీర గ్రామం చేరారు. రెక్కలకు 18 అడుగుల కర్రలు కావలసి ఉండగా దారిలో 16 అడుగులవే దొరికాయి. దానితో కుట్టి తెచ్చిన గుడ్డ పెద్దదైపోయింది. ఆతిథ్యమిచ్చిన టేట్ గారి ఇంట్లో కుట్టు మిషను అడిగి తీసుకుని, గుడ్డను కత్తిరించి తానే మళ్ళీ కుట్టుకున్నారు. ప్రయోగాలు ముగిశాక వదిలేసిన ఆ గుడ్డతో టేట్ గారి భార్య తన ఆడపిల్లలకు గౌనులు కుట్టారట!

1902లో కొత్త గ్లైడర్ తయారవుతున్నప్పుడు ఆర్విల్ గుడ్డ మీద గుర్తులు పెడుతుంటే, విల్బర్ గంటల తరబడి మిషను తిప్పేవారు. 1903 విమానానికి వాడినది ఖరీదైన పట్టు కాదు, చలువ చేయని నూలు మస్లిన్. మన భాషలో కోరా గుడ్డ. దానిని దర్జీలు క్రాసు అనే పద్ధతిలో, నూలు పోగులు రెక్క కర్రలకు ఏటవాలుగా వచ్చేటట్లు బిగించారు. అలా బిగిస్తే గుడ్డ గాలిని ఆపడమే కాక, కర్రల చట్రం సాగకుండా పట్టి ఉంచుతుంది. గుడ్డ బిగువులో ఎంత బలం ఉందో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. 1903 డిసెంబరు 17న ఆర్విల్ మొదట 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరారు. ఆనాటి నాలుగవసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు సాగారు.

అసలు పరీక్ష 1908లో ఫ్రాన్సులో ఎదురైంది. వారు ఎగిరారంటే అక్కడ చాలామంది నమ్మలేదు. లె మాన్ పట్టణంలో పెట్టెలు విప్పి చూస్తే కర్రలు విరిగి, గుడ్డ చిరిగి ఉంది. సరిగా సర్దలేదని విల్బర్ తమ్ముని మీద కోపంగా ఉత్తరం రాశారు. తీరా చూస్తే అది ఓడరేవు కస్టమ్సు వారి నిర్వాకం. బోలే అనే కార్ల తయారీదారు తన కర్మాగారంలో చోటిచ్చారు. విల్బర్ అక్కడ వారాల తరబడి సూది దారంతో కూర్చుని రెక్కలు బాగు చేశారు. మధ్యలో ఇంజను వేడినీళ్ళు పడి చేయి కాలినా పని ఆపలేదు. ఆగస్టు 8న గుర్రప్పందాల మైదానం మీద ఎగిరినది రెండు నిమిషాల లోపే. అయినా శంకించినవారంతా చప్పట్లు కొట్టారు. ఆ సంవత్సరం చివరి రోజున ఆయన 2 గంటల 20 నిమిషాలు గాలిలో నిలిచారు.

ఆయన వివాహం చేసుకోలేదు. 1912 మే 30న టైఫాయిడ్ జ్వరంతో 45 ఏళ్ళకే మరణించారు. 1903 నాటి ఆ కోరా గుడ్డ ముక్క ఒకటి 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వెంట చంద్రుని చేరింది. మరొకటి 2021లో అంగారక గ్రహం మీద ఎగిరిన చిన్న హెలికాప్టరుతో వెళ్ళింది.

తన ప్రాణం నిలిపే కుట్టును తానే వేసుకున్న మనిషి విల్బర్ రైట్. చేతిపని చిన్నతనమని చదువుకునే మన పిల్లలు అనుకోకుండా ఉండాలంటే, పెద్దలమైన మనం వారికి ఈ కథ కూడా చెప్పాలని నా మనవి.